ట్యూబుకి దూరంగా కుర్చీ

మా ఆయన నాతో మాట్లాడడం మానేశారు. ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ ఇదే వరస. అలిగిన మనిషి తిండైనా మానెయ్యాలి కదా, అదీ లేదు. పెట్టింది పెట్టినట్టు తింటారు, గిన్నె అడుగు గీకి మరీ తింటారు, మాట మాత్రం రాదు. ఉప్పు తక్కువైతే ఉప్పు సీసా వైపు చూస్తారు. నేను చూసీ చూడనట్టు ఊరుకుంటే తనే లేచి తెచ్చుకుంటారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఎంత తొందరగా వస్తుందో అంత తొందరగానే పోతుంది. ఆయనకు అసలు రాదు. వచ్చిందంటే మాత్రం ఇక కదలదు.

అలక దేనికంటే, ఆయన బదులు నేను మాటిచ్చినందుకు. గుండె తాళం తప్పి కొట్టుకుంటోందని ఆయనకు ఎడమ భుజం కింద, చర్మం లోపల, అగ్గిపెట్టె కంటే చిన్న యంత్రం ఒకటి పెట్టారు. పేస్‌మేకర్ అంటారు దాన్ని. గుండె మరీ బద్ధకిస్తే అది లోపల్నుంచి ఒక పోటు పొడిచి పనిలో పెడుతుందట. ఇంట్లో ఇన్నాళ్ళూ నేను చేస్తున్న పని అదేగా అనుకున్నాను. ఇంటికి పంపే రోజు డాక్టరమ్మ అడిగింది, "మీరేం పని చేస్తారండీ?" అని. ఈయన అమాయకంగా ముఖం పెట్టి, "టీవీలు బాగుచేస్తానండీ," అన్నారు. అక్కడితో ఊరుకునే మనిషినా నేను? మొత్తం చెప్పేశాను. పాతకాలం పిక్చర్ ట్యూబులు విప్పుతారని, వాటి లోపల వేల వోల్టుల కరెంటు నిలవుంటుందని, రంగులు సరిచెయ్యడానికి పెద్ద అయస్కాంతపు చుట్ట తిప్పుతారని, ఒక్క ముక్క కూడా దాచలేదు.

ఆవిడ కలం కింద పెట్టేసింది. "ఇవన్నీ ఆ యంత్రాన్ని తికమక పెడతాయి. వాటి దగ్గరికి వెళ్ళనే వెళ్ళకూడదు. ఏమంటారు?" అని ఆయన వైపు చూసింది. ఆయన నోరు తెరిచేలోపే నేను అందుకున్నాను. "వెళ్ళరండీ. ఇక ట్యూబు జోలికే పోరు. నేను చూసుకుంటాను."

బస్సులో ఇంటికి వస్తూ కిటికీలోంచి బయటికి చూస్తూ ఒకే ఒక్క మాట అన్నారు. "నా కొట్టు మూసెయ్యడానికి నువ్వెవరివే?" అంతే. ఆ తరవాత ఉలుకూ లేదు పలుకూ లేదు.

కొట్టు ఆయన ఒక్కరిదీ కాదు, మా ఇద్దరిదీ. ఈ పని గురించి కాస్త చెప్పాలి, లేకపోతే మా గొడవ మీకు అర్థం కాదు. ఇప్పుడు ఇళ్ళలో అందరివీ పలక టీవీలే. వాటిని బాగుచెయ్యరు, పారేస్తారు. మాకు మిగిలినవల్లా వీడియో గేముల హాళ్ళు. బీరువాలంత చెక్క మెషీన్లు, నాణెం వేసి నిలబడి ఆడేవి, వాటి పొట్టలో ఇంకా పాత గాజు ట్యూబులే ఉన్నాయి. బోర్డులు, టంకాలు, వైర్లు నా పని. ట్యూబులో కరెంటు తియ్యడం ఆయన పని. ప్లగ్గు పీకేశాం కదా, ఇంకేముంది అనుకుంటారు అందరూ. ట్యూబు అలా కాదు. ప్లగ్గు పీకినా, రాత్రంతా వదిలేసినా, ఆ గాజు కడుపులో కరెంటు దాచుకుని కూర్చుంటుంది. పక్కన ఒక రబ్బరు టోపీ ఉంటుంది, దాని కిందే అది కాపురం ఉండేది. పొడుగు పిడి స్క్రూడ్రైవర్‌కి ఒక వైరు కట్టి, ఆ వైరు రెండో కొసని ఇనుప ఫ్రేముకి తగిలించి, స్క్రూడ్రైవర్ మొనని మెల్లగా టోపీ కిందికి దూర్చాలి. టప్‌మని చప్పుడు వస్తుంది. కాసేపు ఆగి మళ్ళీ దూర్చాలి, ఎందుకంటే ఆ గాజు లోపల మిగిలింది మళ్ళీ ఊరుతుంది. ఇదంతా చేసేటప్పుడు రెండో చెయ్యి వీపు వెనకే ఉండాలి. రెండు చేతులూ పెట్టి ఒకటి టోపీ కింద, ఒకటి ఫ్రేము మీద ఉంటే, కరెంటు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి పోతుంది. దారిలో ఉండేది గుండె.

కరెంటు తీశాక ఆయన "చచ్చింది!" అని గట్టిగా అనేవారు. వెనక నిలబడ్డ నేను "చచ్చింది!" అని బదులు చెప్పేదాన్ని. రెండు గొంతులూ వినబడ్డాకే నేను చెయ్యి పెట్టాలి. అది మా ఇద్దరి కట్టుబాటు. పక్క కొట్టులోకి కొత్తగా వచ్చిన దర్జీ ఒకసారి ఈ కేకలు విని, చేతిలో కత్తెరతో పరిగెత్తుకొచ్చాడు పాపం, ఎవరో పోయారనుకుని. ట్యూబండీ బాబూ అంటే, ఇంత సంతోషంగా చెబుతారేంటండీ అన్నాడు.

ఇన్నేళ్ళలో ఆ స్క్రూడ్రైవర్ ఆయన నా చేతికి ఒక్కసారి కూడా ఇవ్వలేదు. అడిగితే "నీ చేతులు సన్న పనికి" అనేవారు. నేనూ పట్టుబట్టలేదు. నిజం చెప్పొద్దూ, నాకు అదంటే హడల్.

అలాంటి నేను ఆస్పత్రిలో వీరనారిలా "నేను చూసుకుంటాను" అనేశాను. నోరుంది కదా నాకు.

అలా ఉండగా మా తమ్ముడు ఫోన్ చేశాడు. బజారు చివర చెప్పుల దుకాణం మీద, మేడ మీద వాడిదొక గేముల హాలు. అందులో అందరూ ఎగబడే మెషీన్ ఒకటుంది, విమానాల ఆట. దాని బొమ్మ ముందు వణికి, తరవాత కుంచించుకుపోయి, ఆఖరికి తెర మధ్యన తెల్ల గీత మిగిలింది. వాడు ఎక్కడో మూసేసిన హాలు నుంచి అలాంటిదే ట్యూబు, ఫ్రేముతో సహా తెచ్చుకున్నాడు. అది మార్చాలి.

"పలక టీవీ పెట్టుకోరాదురా," అన్నాను.

"పెట్టాను కదక్కా ఇంకో మెషీన్‌కి. ఒక్కడు ముట్టుకుంటే ఒట్టు. అదేదో ఆస్పత్రిలో నంబర్లు చూపించే డబ్బాలా ఉందంటున్నారు," అన్నాడు. తరవాత గొంతు తగ్గించి, "బావ రాకూడదు కదా. ఇంకెవరినైనా చూడనా?" అన్నాడు.

"నేనున్నాను," అన్నాను.

అని ఫోను పెట్టేశాక భయం పట్టుకుంది. ఆ భయం ట్యూబు గురించి ఒక్కటే కాదు. ఈయన సంగతి నాకు తెలుసు. దూరంగా ఉండమంటే ఉండే మనిషి కాదు. నా చెయ్యి తడబడితే చాలు, "అలా కాదే, ఇటివ్వు" అని వచ్చి పడతారు. డాక్టరమ్మ మాట, ఛాతీలో యంత్రం, ఏదీ గుర్తుండదు ఆ క్షణంలో. ఇంట్లో కూర్చోబెడదామంటే వెనకాలే వస్తారు. కాబట్టి లెక్క తేలిపోయింది. ట్యూబు నేను మార్చగలగాలి, ఆయన దూరంగా కూర్చోగలగాలి. రెండూ జరిగితే మా కొట్టు ఉంటుంది, మేమిద్దరం అందులో ఉంటాం. ఏ ఒక్కటి జరక్కపోయినా షట్టరు దించెయ్యడమే. కొట్టు పోతే పోయింది, మనిషి పోతే నేనేం చెయ్యను?

సామాను సర్దుకుని గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఆయన చెప్పులేసుకుని నిలబడి ఉన్నారు. "ఎక్కడికి?" అన్నాను. మాట లేదు. నా చేతిలో సంచి లాక్కున్నారు, అంత బరువు ఎత్తకూడదని నేను వెనక్కి లాక్కున్నాను. చివరికి ఒక పిడి ఆయన, ఒక పిడి నేను పట్టుకుని, ఎడమొహం పెడమొహంగా వీధిలో నడిచాం. చూసేవాళ్ళకి భలే అన్యోన్యంగా కనబడి ఉంటాం.

హాలు తెరిచే వేళ ఇంకా కాలేదు. కిటికీల్లోంచి ఎండ పడుతోంది, మెషీన్లన్నీ ఆపేసి ఉంటే ఆ గది స్కూలు సెలవు రోజులా ఉంది. తమ్ముడు మెట్ల మీదే ఎదురొచ్చాడు. నేను వెళ్ళగానే ఒక కుర్చీ తీసుకుని, నాణేలిచ్చే బల్ల అవతల, గోడ పక్కన వేశాను. మెషీన్‌కీ దానికీ మధ్య హాలు సగం ఉంది.

"బావని అక్కడ కూర్చోమను," అన్నాను తమ్ముడితో.

"బావా, అక్కడ కూర్చోవాలట."

"వినబడింది అని చెప్పు మీ అక్కకి," అన్నారాయన.

"అక్కా, వినబడిందట," అన్నాడు వాడు, మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ. "ఏంటిది, నన్ను పోస్టుమాన్‌ని చేశారా ఇద్దరూ కలిసి?"

నాకు నవ్వొచ్చింది కానీ ఆపుకున్నాను. ఆయన కూర్చున్నారు.

ప్లగ్గు పీకాను. పీకిన ప్లగ్గుని మెషీన్ నెత్తిన, కంటికి కనబడేట్టు పెట్టాలి, ఇంకెవరూ తెలియక మళ్ళీ పెట్టకుండా. పెట్టాను. వాచీ, ఉంగరం, మెడలో గొలుసు తీసి తమ్ముడి జేబులో వేశాను. కళ్ళకి అద్దాలు పెట్టుకున్నాను. వెనక తలుపు విప్పితే లోపల దుమ్ము దుప్పటిలా పేరుకుని ఉంది. ఆ దుమ్ములో నల్లగా, బోర్లించిన పెద్ద గరాటులా ట్యూబు. దాని పక్కన రబ్బరు టోపీ.

"వైరు ముందు ఫ్రేముకి తగిలించమను. రంగు మీద కాదు, ఒట్టి ఇనుము మీద," అని కుర్చీలోంచి వచ్చింది.

"అక్కా, ఒట్టి..."

"నాకూ చెవులున్నాయని చెప్పు."

తగిలించాను. ఎడమ చెయ్యి వీపు వెనక పెట్టుకున్నాను. కుడిచేత్తో స్క్రూడ్రైవర్ అందుకున్నాను. ఆయన చూస్తున్నారని తెలుసు. కుర్చీ కిర్రుమంటుందేమో అని చెవులు అటే ఉన్నాయి. రబ్బరు అంచు గట్టిగా ఉంది. మొన లోపలికి పోవడం లేదు. కొంచెం తిప్పాను, పోయింది. టప్‌మంది. అమ్మో అన్నాను, గట్టిగానే. కానీ చెయ్యి కదల్చలేదు. ఊపిరి పీల్చుకుని, ఆగి, మళ్ళీ దూర్చాను. ఈసారి చిన్నగా చిటుక్కుమంది. మూడోసారి ఏమీ లేదు.

"చచ్చింది!" అన్నాను.

ఎవరూ పలకలేదు. బదులు రాకుండా చెయ్యి పెట్టకూడదు, అది కట్టుబాటు. అలాగే నిలబడ్డాను. కాసేపటికి గోడ దగ్గర్నుంచి, పళ్ళ మధ్యనుంచి వచ్చినట్టు, "చచ్చింది" అని వినబడింది.

అప్పుడనిపించింది నాకు, గెలిచానని. ఆయన లేవలేదు. నేను చేశాను. ఇంత కాలం దేనికి భయపడ్డానో అది ఇంతేనా అనిపించింది. వీపు మీద చెమట పట్టింది కానీ లోపల మాత్రం పొంగిపోతున్నాను. మనకి అహంకారం రావడానికి ఎంతసేపు?

మిగతాది బరువు పనే. మెడ దగ్గరున్న చిన్న బోర్డుని అటూ ఇటూ ఊపకుండా తిన్నగా వెనక్కి లాగాను. ట్యూబు మెడ సన్నటి గాజు, అది విరిగిందంటే లోపలికి గాలి దూరి ట్యూబు మొత్తం పేలుతుంది, గాజు పెంకులు ముఖాన కొడుతుంది. వైర్లు ఒక్కొక్కటే విప్పుతూ, ఏది ఎక్కడిదో తమ్ముడికి చూపించాను. మూలల్లో బోల్టులు విప్పి, వాడొక పక్క, నేనొక పక్క, మెడ ముట్టుకోకుండా ఫ్రేము పట్టుకుని ఎత్తి, కింద పరిచిన బొంత మీద తెర వైపు కిందికి పెట్టాం. తమ్ముడు నడుం పట్టుకుని "బావ ఎలా ఎత్తేవాడక్కా ఇది?" అన్నాడు. కుర్చీలో మనిషి కాస్త నిటారుగా కూర్చోవడం చూశాను.

రెండో ట్యూబు పక్కనే బల్ల మీద ఉంది. బయటి నుంచి వచ్చిన ట్యూబుకి రబ్బరు టోపీ తీసి, కింద స్పిరిటు గుడ్డతో తుడిచి గానీ ఆయన ఎక్కించేవారు కాదు. అక్కడ మురికి ఉంటే తరవాత చిటపటలాడుతుంది. గుడ్డ తడిపాను. ఎడమ చేత్తో ఫ్రేము గట్టిగా పట్టుకున్నాను, ట్యూబు బల్ల మీద జరక్కుండా. కుడిచేతి రెండు వేళ్ళతో టోపీ అంచు పైకి మడిచాను. లోపల క్లిప్పు ఉంటుంది, దాన్ని రెండు వేళ్ళ మధ్య నొక్కితే ఊడివస్తుంది. వేళ్ళు లోపలికి పోనిస్తున్నాను.

"అంతగా తోమక్కర్లేదులే అక్కా," అన్నాడు తమ్ముడు వెనకనుంచి, నవ్వుతూ. "బొమ్మ అద్దంలా ఉంది. కారు వెనక నంబరు కూడా చదవచ్చు."

"చెయ్యి తియ్యవే!"

ఆ కేకకి కిటికీ అద్దాలు అదిరాయి. నా చెయ్యి నాకంటే ముందే బయటికి వచ్చేసింది. ఎందుకో తెలియదు, ఏమిటో తెలియదు, రెండు చేతులూ గాలిలో పెట్టుకుని నిలబడిపోయాను.

"బొమ్మ ఎప్పుడు చూశావురా?" అని ఆయన తమ్ముడిని అడిగారు. గొంతు ఆయనది కాదు.

"పొద్దున్నే బావా. మీరొచ్చే ముందు. పనిచేస్తుందో లేదో చూద్దామని... ఆ కార్ల ఆట మెషీన్ వైర్లు దీనికి కలిపి... మీకు శ్రమ తగ్గుతుందని..." అని వాడి మాట మెల్లమెల్లగా ఆగిపోయింది. వాడికీ అర్థమైంది.

వైరు ఆ ఫ్రేముకి తగిలించాను. ఎడమ చెయ్యి వీపు వెనక పెట్టాను. స్క్రూడ్రైవర్ మొన టోపీ కిందికి దూర్చాను. ఇందాకటిది టప్‌మంది, ఇది ఢామ్మంది. నీలంగా ఒక మెరుపు రబ్బరు కిందనుంచి బయటికి తొంగిచూసి పోయింది. తమ్ముడు నేల మీద కూలబడ్డాడు. ఆ మెరుపు నా రెండు వేళ్ళ మధ్య, నా ఎడమ చెయ్యి ఇనుప ఫ్రేము మీద ఉండగా...

మళ్ళీ తీశాను. మళ్ళీ. ఏమీ లేదన్నాక కూడా ఇంకోసారి. "చచ్చింది," అన్నాను.

అప్పుడు వెనక్కి తిరిగాను. ఆయన వచ్చేసి ఉంటారనుకున్నాను. నా వీపు వెనకే నిలబడి ఉంటారనీ, ఆ ఢామ్‌మన్న చోటికి చెయ్యంత దూరంలో ఉంటారనీ, ఛాతీలో ఆ యంత్రం ఏమైందో అనీ, తిరిగేంతలో ఇవన్నీ అనుకున్నాను.

ఆయన కుర్చీలోనే ఉన్నారు. రెండు చేతులతో కుర్చీ చేతుల్ని పట్టుకుని ఉన్నారు. ఎంత గట్టిగా పట్టుకున్నారంటే వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి. పాదాలు నేలకి తన్నిపెట్టి, లేవబోయే మనిషిని ఇంకెవరో వెనక్కి నొక్కిపట్టినట్టు, ఒళ్ళంతా బిగుసుకుని ఉంది. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవడానికి చేతులు వదల్లేదు. పెళ్ళయిన నాటినుంచి ఆ మనిషి ఏడవగా నేను చూడలేదు.

"చచ్చింది," అన్నారు.

నాకు భయం వేసినప్పుడు వచ్చేది కోపమే. ముందు తమ్ముడి మీద పడ్డాను. "ఒరేయ్, ట్యూబుకి కరెంటు పెట్టినవాడు నోరు విప్పి చెప్పాలని తెలియదట్రా నీకు? బావ వందసార్లు చెప్పలేదూ?" వాడు నేల మీద కూర్చునే, "తిట్టక్కా, ఇంకా తిట్టు," అన్నాడు. తిట్టడానికి కూడా ఏం మిగల్లేదు. ఆయన వైపు తిరిగాను. మధ్యలో పోస్టుమాన్ అక్కర్లేకపోయింది.

"పెట్టబోయే ట్యూబుకి కూడా కరెంటు తియ్యాలని నాకెప్పుడూ చెప్పలేదేం? మీరు తియ్యడం నేనెప్పుడూ చూడలేదే!"

"ఎలా చూస్తావు? నువ్వు చూసే లోపే తీసేసేవాణ్ణి. నువ్వు బోర్డు పని చేస్తుండగా వెనక గదిలో ముందు దాని సంగతి చూసి, అప్పుడు తెచ్చేవాణ్ణి నీ ముందుకి."

"ఎందుకు?"

"రెండుసార్లు భయపడతావని. ఒక్కసారికే ముఖం అలా పాలిపోయేది నీకు."

ఆయన ఏళ్ళ తరబడి నా భయం సగం తగ్గించాననుకున్నారు. ఆ సగమే ఇందాక నా ప్రాణం మీదికి తెచ్చింది. ఇవాళ దూరం నుంచి అన్నీ చెప్పిన మనిషికి ఇది చెప్పాలని తట్టలేదు, ఎందుకంటే అది ఎవరికీ చెప్పని పని. నాకు తట్టలేదు, ఎందుకంటే చచ్చిందన్న మాట ఆ గదిలో ఒకసారి వినబడింది, నా చేతులకి అది చాలు. తప్పెవరిదని పోట్లాడుకుందామన్నా చెరి సగం వస్తుంది.

పనిలో పడ్డాం. తుడిచాను, టోపీ పెట్టాను, చుట్టూ నొక్కి క్లిప్పు కూర్చుందో లేదో చూశాను. ఇద్దరం ఎత్తి లోపల పెట్టి బోల్టులు బిగించాం. మెడ మీద బోర్డు, వైర్లు, అన్నిటికంటే ముఖ్యంగా ఫ్రేముకి ఎర్త్ వైరు. ఆయన కుర్చీలోంచి ఒక్కొక్కటీ అడుగుతున్నారు, నేను నేరుగా జవాబు చెబుతున్నాను. చివరికి ప్లగ్గు పెట్టి, అయస్కాంతపు చుట్ట తిప్పాలి, లేకపోతే మూలల్లో రంగులు ముద్దలు కడతాయి. ఆ చుట్టకి కరెంటు పెట్టిన గదిలో కూడా ఆయన ఉండకూడదు. నేను సంచిలోంచి దాన్ని బయటికి తీసి, ఎలా చెప్పాలా అని చూస్తున్నాను. ఆయనే లేచారు. మెట్లు దిగి వెళ్ళిపోయారు.

ఇన్నేళ్ళ పనిలో బొమ్మ వెలిగే క్షణం ఆయనది. తెర వెలగ్గానే చేతులు నడుం మీద పెట్టుకుని, తలొకపక్కకి వంచి, "ఊఁ" అనేవారు. ఆ ఒక్క "ఊఁ" కోసం ఆ పనంతా. ఇక ఎప్పటికీ అది ఉండదు.

స్విచ్ వేశాను. ముందు సన్నటి కూత, తరవాత బూడిద రంగు, తరవాత నీలం ఆకాశం, విమానాలు. చుట్ట తిప్పుతూ వెనక్కి నడిచాను, మూలల్లో పచ్చదనం పోయి ఆకాశం నీలంగా తేలింది. తమ్ముడు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. చుట్ట ఆపి, సంచిలో పెట్టి జిప్పు లాగి, మెట్లు దిగాను.

ఆయన కింద మెట్టు మీద కూర్చుని ఉన్నారు. చెప్పుల దుకాణం వాడు ఖాళీ పెట్టెలు బయట పేరుస్తున్నాడు. వీధిలో జనం మొదలయ్యారు. నేను వెనక నిలబడ్డాను.

"వచ్చిందండీ బొమ్మ. బాగా వచ్చింది," అన్నాను.

ఆయన తల తిప్పలేదు. "ఒక్కటి అడుగుతాను చెప్పు," అన్నారు. "ఇన్నేళ్ళూ నా వెనక నిలబడ్డావు కదా. నేను చెయ్యి పెట్టిన ప్రతిసారీ నీకు ఇలాగే ఉండేదా?"

"ఎలాగ?"

"ఇందాక నాకున్నట్టు."

మెట్టు మీద ఆయన పక్కన కూర్చున్నాను. అబద్ధం చెబుదామా అనుకున్నాను, రాలేదు. "ఇలాగే ఉండేది," అన్నాను.

"ప్రతిసారీనా?"

"ప్రతిసారీ."

ఆయన రెండు అరచేతులతో ముఖం గట్టిగా తుడుచుకున్నారు. "నేను వెనక్కి తిరిగి చూస్తే నువ్వు అంతలోనే నవ్వేసేదానివి. ఆ పాలిపోవడం ఒట్టి చప్పుడుకేననుకునేవాణ్ణి. అంత భయమైతే ఒక్కసారైనా నోరు విప్పి చెప్పలేదేం? నీకు నోరు లేదా?"

"చెబితే మానేసేవారా?"

అబద్ధం ఆయనకీ రాలేదు.

"లేదు. మానేవాణ్ణి కాదు," అన్నారు.

"నేనూ మానను," అన్నాను.

ఏదో అంటారనుకున్నాను. మళ్ళీ 'నువ్వెవరివే' అంటారనుకున్నాను. నా కుడిచెయ్యి తన ఒళ్ళోకి లాక్కుని, బొటనవేలూ చూపుడువేలూ విడదీసి, వాటి మధ్య ఖాళీని చూస్తూ కూర్చున్నారు. నాకు ఏడుపు ఆగలేదు. పైనుంచి తమ్ముడు "బావా, అక్కా, రండి చూద్దురుగాని" అని పిలుస్తున్నాడు. వస్తున్నాంరా అన్నాను కానీ ఆయన చెయ్యి వదల్లేదు, నేనూ లేవలేదు.